బీరువా మీది చెయ్యి

"అమ్మా, నా కళ్ళజోడు ఎక్కడుందో ఆవిడగారికేమైనా తెలుసేమో అడుగు."

ఆవిడగారంటే నేనే. ఆయనకీ నాకూ మధ్య దూరం గట్టిగా నాలుగడుగులు. మధ్యలో భోజనాల బల్ల, బల్ల కొసన అత్తయ్య.

"బీరువా మీద ఉందని చెప్పండత్తయ్యా."

"బీరువా మీద ఉందటరా."

"చూశాను, లేదని చెప్పు."

"మాత్రల డబ్బా వెనకాల ఉంది. సరిగ్గా చూడమనండి."

అత్తయ్య చేతిలోని గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది. "నేనేమైనా మీ ఇద్దరికీ టెలిఫోను తీగనట్రా? నాలుగు రోజుల్నుంచి మీ మాటలు అటూ ఇటూ మోయలేక చస్తున్నాను. మొహాలు చూసుకుని మాట్లాడుకోండి, లేదా నోళ్ళు మూసుకోండి."

మేమిద్దరం రెండోదే ఎంచుకున్నాం.

ఆయన లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. మాత్రల డబ్బా జరిపిన చప్పుడైంది. కళ్ళజోడు దొరికిందని మాత్రం చెప్పలేదు. తర్వాత దగ్గు. ఒకటి, రెండు, ఆగకుండా ఆరేడు. మాటలైతే వాళ్ళమ్మ ద్వారా పంపిస్తున్నాడు గానీ దగ్గు మాత్రం నేరుగా నా దగ్గరికే వస్తోంది.

నాకు ఒంట్లో ఓపిక లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపికుండాలి. ప్లేట్లు తీసుకెళ్ళి సింకులో పడేసి, నీళ్ళు వదిలి, అలా చూస్తూ నిలబడ్డాను. ఎనిమిదిన్నర. పదకొండింటికి మీటింగు.

ఇంత గొడవకీ కారణం ఒక ఫొటో.

మా కంపెనీ చేసేవి ఆఫీసు కుర్చీలు, బల్లలు. ముఖ్యంగా మీటింగు బల్లలు. నేను ఆర్డర్లు చూస్తాను. ఆయన మరమ్మతు షెడ్డుకి మేస్త్రి. విరిగిన కుర్చీ ఏ మూల నుంచి వచ్చినా ఆ షెడ్డులోకి వచ్చి కాళ్ళు తెచ్చుకుని వెళ్తుంది. ఆయన కింద పదకొండు మంది. ఇరవై నాలుగేళ్ళుగా మేమిద్దరం ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళి, నేను ఎడమకీ ఆయన కుడికీ తిరుగుతున్నాం.

మీటింగు బల్లలమ్ముకుని బతికే కంపెనీ, తన మీటింగులకి బల్లలక్కర్లేదని ఈ ఏడాది తేల్చేసుకుంది. తొమ్మిది ఊళ్ళలో తొమ్మిది శాఖలు. అందరూ ఒక చోటికి రావడం దండగ అన్నారు. శాఖకో పెట్టె పంపించారు. అందులో కళ్ళకి కట్టుకునే బరువైన డబ్బా ఒకటి, చేతుల్లో పట్టుకునే పిడులు రెండు. అవి పెట్టుకుంటే లేని హాల్లో ఉంటాం. అక్కడ మనకో బొమ్మ ఉంటుంది. మన తల తిరిగితే దాని తల తిరుగుతుంది, మన చెయ్యి లేస్తే దాని చెయ్యి లేస్తుంది. మా శాఖ ఆఫీసులో అందరికన్నా పాతదాన్ని నేనే కాబట్టి ఆ పెట్టె మా ఇంటికొచ్చి నా నెత్తిన పడింది.

నేర్పడానికి ప్రధాన కార్యాలయం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసేది. ప్రతి మాటకీ ముందు "హలో, వినబడుతోందా?" అంటుంది. అందుకని మా ఇంట్లో ఆ పిల్ల పేరే 'వినబడుతోందా' అయిపోయింది. మొదటి రోజు ఆ పిల్ల చెప్పిన మొదటి పాఠం ఇది: "హలో, వినబడుతోందా? మేడమ్, ముందు గదిలో ఫర్నిచరంతా బయట పెట్టేయండి."

కుర్చీల కంపెనీ వాళ్ళకి ఈ మాట చెప్పాలంటే గుండె ధైర్యం ఉండాలి.

అప్పటికింకా మేం మాట్లాడుకుంటున్నాం. ఆయన పడీపడీ నవ్వాడు. తను చేసిన కుర్చీలు తనే ఒక్కొక్కటీ మోసుకెళ్ళి వసారాలో పెట్టాడు. గోడకి ఆనుకుని ఉన్న బీరువా ఒక్కటీ కదల్లేదు. అది కూడా ఆయన చేసిందే. "అదుంటే ఫరవాలేదులే," అని, నేల మీద కొలిచి, నాలుగు వైపులా తెల్ల టేపు అతికించాడు. "ఇదిగో నీ సామ్రాజ్యం. గీత దాటకు," అన్నాడు.

అత్తయ్య కూడా ఓసారి డబ్బా పెట్టుకుని చూసింది. "ఇదేమిటే, ఒక్కళ్ళకీ కాళ్ళు లేవు! నడుం దాకా ఉండి గాల్లో తేలుతున్నారు!" అని కేకేసింది. కాళ్ళు ఇంకా పెట్టలేదట, వచ్చే ఏడు వస్తాయట అన్నాను. "తొందరేం లేదని చెప్పు. మోకాళ్ళ నొప్పులు లేకుండా హాయిగా ఉన్నారు," అంది.

ఆయన మాత్రం పెట్టుకోలేదు. ఒక్కటే అడిగాడు. "మీ హాల్లో బల్ల ఎలా ఉంది?"

"మీరు చేసిందే. ప్రధాన కార్యాలయానికి పన్నెండేళ్ళ కిందట చేసిచ్చారే, మూలలు లేని పొడుగు బల్ల. దాన్ని ఫొటోలు తీసి అక్కడ పెట్టారు."

ఆయన మొహం వెలిగింది. "చెక్కలో గీతలు కనిపిస్తాయా?"

"కనిపిస్తాయి."

"మీద చెయ్యి పెడితే?"

"చెయ్యి లోపలికి వెళ్ళిపోతుంది."

ఆయన పక్కనున్న బీరువాని అరచేత్తో ఒకసారి తట్టి చూశాడు.

పోయిన వారం ఆ బల్ల చుట్టూ తొమ్మిది మందిమి గాల్లో తేలుతుండగా, పెద్దాయన మరమ్మతు షెడ్డు సంగతి ఎత్తాడు. పెద్దాయనంటే కంపెనీ అధ్యక్షుడు. ఇప్పుడెవరూ కుర్చీలు బాగు చేయించుకోవడం లేదు, పారేసి కొత్తవి కొంటున్నారు, షెడ్డు మూసేద్దాం అన్నాడు. మేస్త్రికి గోడౌన్లో సరుకు చూసుకునే పని ఇస్తామన్నాడు. మిగతా పదకొండు మంది గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అంతలో నాకు కడుపులో తిప్పింది. ఆ డబ్బా పెట్టుకున్న ప్రతిసారీ అంతే. పడవలో కూర్చున్నట్టుంటుంది. డబ్బా ఊడదీసి స్నానాల గదికి పరుగెత్తాను. ఎడమ పిడి తాడుతో మణికట్టుకి కట్టి ఉంది కాబట్టి నాతోనే వచ్చింది. కుడిది నేల మీద పడిపోయింది.

నేను తిరిగొచ్చేసరికి హాల్లో నా కుడి చెయ్యి లేచి ఉంది.

అయిదు చేతులు లేచాయి, నాలుగు లేవలేదు. షెడ్డు మూత.

చేతులెత్తిన క్షణం ఫొటో తీసి, మూడు రోజుల తర్వాత అన్ని శాఖలకీ పంపించారు. మా శాఖలో ఎవరో దాన్ని తీసుకెళ్ళి షెడ్డు గోడకే అతికించారు. అందులో అందరి చేతులూ చెవుల దాకా ఉంటే, నాది మాత్రం తల పైకి నిటారుగా ఉంది. షెడ్డులో అందరికన్నా పెద్ద మనిషి వార్నిష్ తాత. నలభై ఏళ్ళుగా బల్లలకి మెరుగు పెడుతున్నాడు. తాత ఆ ఫొటో చూసి, "మీ ఆవిడ చెయ్యి బాగానే ఎత్తిందయ్యా మేస్త్రీ," అన్నాడట. అంతే.

మా ఆయన ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాడు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి సెలవు పెట్టాడు. ఆ రోజు నాతో నేరుగా అన్న చివరి మాట, "ఇంట్లో చెప్పి ఉండొచ్చుగా. నా మొహం మీద చెప్పలేకపోయావా?" అని.

నేను నోరు విప్పలేదు. ఇవాళ్టికి నాలుగో రోజు.

*

పదింటికి గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చేసరికి, ఆయన నా తెల్ల టేపు గీతల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"అత్తయ్యా, నాకు మీటింగుంది. లేవమనండి."

అత్తయ్య వసారాలో కుర్చీలు తుడుస్తోంది. పలకలేదు.

"నేనిక్కడుంటే నీకేం అడ్డు? నీ హాల్లో నేను కనపడను కదా," అన్నాడు ఆయన.

నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. ఇలాంటిదైనా సరే, ప్రాణం లేచొచ్చినట్టయింది. అంత దిగజారిపోయాను.

గోడకి చేరబడి నేనూ కూర్చున్నాను, గీత బయట.

"ఇవాళ పోయిన వారం లెక్క చదువుతారట కదా," అన్నాడు.

"ఊఁ."

"ఆ లెక్క సరిగ్గానే ఉందని అందరూ అంటేనే ఖాయం అవుతుందట కదా. అంతవరకూ ఎవరి చెయ్యి వాళ్ళు మార్చుకోవచ్చటగా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరైతే ఏం? నిజమా కాదా?"

"నిజమే."

"అయితే ఒక్క మాట అను. నా చెయ్యి దించుతున్నానని చెప్పు. అయిదు నాలుగవుతుంది, నాలుగు అయిదవుతుంది. నేనింక నిన్నేమీ అడగను. ఎందుకెత్తావని కూడా అడగను."

నేను గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను.

"నా సంగతి వదిలెయ్. నాకేదో గోడౌన్లో కుర్చీ పడేస్తారు. వార్నిష్ తాతనెవరు తీసుకుంటారు? ఆ చేతుల వణుకు చూశావా? బ్రష్షు పట్టుకుంటే తప్ప ఆగదు. రంపం దగ్గరుండేవాడికి వినపడదు. వాడితో ఎలా మాట్లాడాలో మా పదకొండు మందికే తెలుసు. వీళ్ళని బయటికి పంపిస్తే ఇంకో చోట ఒక్క పూట నిలబడతారా? నీకు తెలీదా ఇదంతా? నా కన్నా నీకే ఎక్కువ తెలుసు. వాళ్ళిళ్ళల్లో ఎవరికి జ్వరమొచ్చినా నన్ను పంపించేది నువ్వే కదా!"

"తెలుసు."

"మరి?"

"......"

"అదే నాకు ఒళ్ళు మండేది! అరిచెయ్, తిట్టు, ఏదో ఒకటి అను. ఇలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే నేనేం చచ్చేది?"

అరిచేసరికి దగ్గొచ్చింది. మామూలుగా వచ్చేది కాదు, లోపల్నుంచి తోడుకుంటూ వచ్చేది. ముందుకి వంగిపోయి, ఒక చెయ్యి నేల మీద ఆనించి, రెండో చేత్తో గుండె పట్టుకుని దగ్గాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. నేను లేచి నీళ్ళు తెచ్చిచ్చాను. తీసుకున్నాడు. తాగాడు. గ్లాసు ఇచ్చేటప్పుడు మాత్రం నా మొహం చూడలేదు.

ఆ దగ్గుకి రెండేళ్ళు. రంపపు పొట్టు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, ఇక ఆ షెడ్డులో అడుగు పెట్టకూడదు అని డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ ఎత్తి పట్టుకుని, తెల్లటి చోట్లన్నీ వేలితో చూపించి మరీ చెప్పాడు. ఇంటికొచ్చే దారిలో ఈయన ఆ ఫిల్మ్‌ని గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని, "దుమ్ము పడని పనీ ఒక పనేనా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మామూలుగా గేటులోంచి కుడికి తిరిగాడు. బతిమాలాను, ఏడ్చాను, మాట్లాడ్డం మానేశాను. మూతికి గుడ్డ కట్టుకోమంటే కట్టుకుని, షెడ్డు గుమ్మం దాటగానే జేబులో పెట్టుకునేవాడు. అత్తయ్యయితే చన్నీళ్ళు తాగడం వల్లే అంటుంది. కన్నతల్లి కదా, ఇంకోలా అనుకోవడానికి భయం.

ఫోను మోగింది. నా చేతులు తడిగా ఉన్నాయి. స్పీకర్ నొక్కి బీరువా మీద పెట్టాను.

"హలో, వినబడుతోందా? మేడమ్, ఇవాళ తల తిరిగితే కళ్ళు మూసుకోకండి. దూరంగా ఉన్న గోడ మీద ఒక చోట చూపు నిలపండి. అల్లం లాంటిదేదైనా బుగ్గన పెట్టుకున్నా మంచిదే."

"సరేనమ్మా."

"ఇంకోటి మేడమ్. అడగొచ్చో లేదో. పోయిన వారం మీ బొమ్మ నాలుగు నిమిషాల పాటు కదల్లేదు. తల పక్కకి వాలిపోయి, ఒక చెయ్యి మాత్రం పైకి ఎత్తి అలాగే ఉండిపోయింది. ఒంట్లో బాగోలేక డబ్బా తీసేశారా? తీసేస్తే బొమ్మ నిద్రపోవాలి కదా, మీది పోలేదు. పిడి ఎక్కడైనా ఎత్తు మీద పెట్టారా మేడమ్? హలో? వినబడుతోందా?"

నేను గబుక్కున ఫోను అందుకుని, తర్వాత మాట్లాడతానని చెప్పి కట్టేశాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆయన గీతల మధ్య నుంచి నన్నే చూస్తున్నాడు. గుమ్మంలో అత్తయ్య, చేతిలో తుడిచే గుడ్డతో.

"ఎత్తు మీద పెట్టడమేమిటే?" అంది అత్తయ్య.

"ఏం లేదత్తయ్యా."

"నువ్వు వాంతి చేసుకోడానికి పరుగెత్తిన రోజేనా?"

"ఏం లేదన్నాను కదా, మీరు కూర్చోండి."

"ఆగు. ఆ రోజు నేనే కదా ఇల్లు సర్దింది. ఆ పెద్ద డబ్బా నేల మీద పడుంటే, అద్దాలు పగుల్తాయని దిండు తెచ్చి దాని మీద బోర్లించాను. ఆ చిన్న పిడి దొర్లుకుంటూ తలుపు దగ్గరికొచ్చింది. ఎవరైనా తొక్కుతారని..." ఆవిడ కళ్ళు బీరువా మీదికి వెళ్ళాయి. కత్తెర, తాళాలు, మాత్రలు, సూదుల డబ్బా. ఈ ఇంట్లో నేల మీద కనిపించిన ప్రతి చిన్న వస్తువునీ ఆవిడ తీసుకెళ్ళి పెట్టే చోటు అదే. "బీరువా మీద పెట్టాను."

దిండు కూడా తలేననుకుంది ఆ డబ్బా. బీరువా ఎత్తులో ఉన్న పిడిని నా చెయ్యనుకుంది. హాల్లో నా బొమ్మ మెడ వాల్చి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడింది. పెద్దాయన లెక్క పెట్టుకున్నాడు.

అత్తయ్య నేల మీద కూలబడింది. "నా చేతులు విరిగిపోను! ఒరేయ్, నా కన్నకొడుకు పని నా చేత్తో నేనే తీసేశానట్రా! ఆ తాత మొహం ఎలా చూడనురా?"

ఆయన వాళ్ళమ్మని చూశాడు, బీరువాని చూశాడు. తర్వాత నవ్వు మొదలెట్టాడు. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, ఆ తర్వాత ఒళ్ళంతా. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. "అమ్మా, నువ్వా! నువ్వటే! బీరువాతో ఓటేయించావా!" అంటూ వాళ్ళమ్మ భుజాలు పట్టుకుని ఊపేశాడు. ఏడుస్తున్నావిడ కూడా నవ్వేసింది.

అప్పుడు నా వైపు తిరిగాడు.

"పిచ్చిదానా," అన్నాడు. "అమ్మ పేరు బయటికి రాకూడదనా? అందుకేనా నాలుగు రోజులు నోరు కుట్టేసుకున్నావు? నేనేమో నిన్ను..." నా చెయ్యి తీసుకుని మొహానికి ఆనించుకున్నాడు. గడ్డం గుచ్చుకుంది. నాలుగు రోజులుగా గీసుకోలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన క్షమించినందుకు కాదు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ ఇంతవరకూ చెప్పినదాన్ని, మీ దగ్గర దాచి ఏం చేసుకోను? ఆ రోజు నేను నోరు కడుక్కుని తిరిగొచ్చి, దిండు మీంచి డబ్బా తీసి పెట్టుకున్నాను. లెక్క ఇంకా అవ్వలేదు. "రెండు," అంటున్నాడు పెద్దాయన. తలెత్తి చూస్తే పైన నా చెయ్యి కనిపించింది. డబ్బా కాస్త పైకి జరిపి చూశాను. బీరువా మీద పిడి ఉంది. ఏం జరిగిందో అర్థం కావడానికి ఎంతసేపు? "మూడు," అన్నాడు పెద్దాయన. చెయ్యి చాపి తీసేసుకుంటే అయిపోయేది.

నాకు ఆ ఫిల్మ్‌లోని తెల్లటి చోట్లు గుర్తొచ్చాయి. తెల్లవార్లూ దిండుకి జారబడి కూర్చుని, నేను లేస్తానేమోనని నోరు గుడ్డతో అదుముకుని దగ్గే మనిషి గుర్తొచ్చాడు. షెడ్డు ఉన్నన్నాళ్ళూ ఆయన మానడు. షెడ్డు లేకపోతే మానక తప్పదు. "నాలుగు," అన్నాడు పెద్దాయన. నేను కదల్లేదు.

"అయిదు."

వార్నిష్ తాత కూడా గుర్తొచ్చాడు, నిజం. గుర్తొచ్చినా కదల్లేదు.

*

పదకొండుకి అయిదు నిమిషాలుంది. ఆయన ఉత్సాహంగా లేచి గీతల మధ్య నుంచి పక్కకి తప్పుకున్నాడు. "రా, రా. నీ సామ్రాజ్యం నీకే. జరిగింది జరిగినట్టు చెప్పెయ్. అమ్మ పేరెందుకు, పొరపాటు జరిగిందని చెప్పు చాలు. సాయంత్రం తాతని ఇంటికి తీసుకొస్తాను," అన్నాడు. నాలుగు రోజుల గడ్డం వెనకాల నాకు తెలిసిన మొహం కనిపించింది. అత్తయ్య నా వీపు నిమిరి, కళ్ళు తుడుచుకుంటూ వసారాలోకి వెళ్ళింది.

ఎడమ పిడి మణికట్టుకి కట్టుకున్నాను. డబ్బా తలకి బిగించాను. హాలు వచ్చింది. పొడుగు బల్ల, దాని చుట్టూ కాళ్ళు లేని ఎనిమిది మంది. కుడి పిడి కోసం తడుముకుంటే దొరకలేదు. ఇంకెక్కడుంటుంది?

డబ్బాని నుదుటి మీదికి తోసుకుని చూశాను.

"ఉండు, నేనిస్తాను," అన్నాడు ఆయన. బీరువా దగ్గరికి వెళ్ళి, చెయ్యెత్తి, కత్తెర పక్కనున్న పిడి తీసుకున్నాడు. నవ్వుతూనే ఇటు తిరిగాడు. రెండడుగులు వేశాడు.

ఆగిపోయాడు.

వెనక్కి తిరిగి బీరువా వైపు చూశాడు. కొలత చూసేటప్పుడు చూస్తాడే, ఒక కన్ను కొంచెం చికిలించి, అలా. బీరువా అంచు నుంచి చూపు మెల్లగా నా భుజం మీదికి, అక్కణ్ణుంచి నా చేతి మీదికి వచ్చింది.

"ఈ బీరువా చేసే ముందు నిన్ను గోడకి నిలబెట్టాను. గుర్తుందా?" అన్నాడు.

"ఊఁ."

"చెయ్యెత్తమన్నాను. నీ వేళ్ళ కొస దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ గీతకి బెత్తెడు తగ్గించి మరీ చేశాను. మీద పెట్టిందేదైనా నీకు శ్రమ లేకుండా అందాలని."

నా కళ్ళు కూడా ఆ అంచు మీదికే వెళ్ళాయి.

నుదుటి మీది డబ్బాలోంచి పెద్దాయన గొంతు సన్నగా వినిపిస్తోంది. పోయిన వారం తీర్మానం చదువుతున్నాడు. మరమ్మతు షెడ్డు, పన్నెండు మంది, ఈ నెలాఖరు.

"నువ్వు తిరిగొచ్చేసరికి లెక్క అయిపోయిందా?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

అయిపోయిందని ఒక్క మాట అంటే చాలు. ఆయన నమ్ముతాడు. నమ్మాలని ఉంది ఆయనకి. ఆ కళ్ళల్లో అది కనిపిస్తూనే ఉంది. చేతిలోని పిడిని నా వైపు సగం చాపి కూడా ఉన్నాడు.

"అవ్వలేదు," అన్నాను.

ఆయన దగ్గలేదు.

"చూశావా?"

"చూశాను."

"అందలేదా?"

"అందేది."

"ఎందుకు?" అని ఆయన అడగలేదు. తెలుసు. ఆ తెల్లటి చోట్లు ఇద్దరం ఒకేసారి చూశాం. గుండె మీదికి వెళ్ళిన ఎడమ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"...ఎవరైనా చెయ్యి మార్చుకోవాలనుకుంటే ఇప్పుడే చెప్పాలి. తర్వాత కుదరదు," అంటున్నాడు పెద్దాయన.

నేను కుడి చెయ్యి చాపాను. ఆయన పిడిని నాకివ్వలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఎక్కణ్ణుంచి తీశాడో సరిగ్గా అక్కడే, కత్తెర పక్కన, బీరువా మీద పెట్టేశాడు. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆఁ, ఆర్డర్ల మేడమ్ చెయ్యెత్తారు," అంది నుదుటి మీది గొంతు. "చెప్పండి మేడమ్. అందరం వింటున్నాం."

నాకు నాలుగడుగుల దూరంలో ఆయన కూడా వింటున్నాడు.